పెరటి తిప్పతీగ



నేటి నా ప్రసంగమునకు విషయము తిప్పతీగ. దీనిని ఎఱుగనివారు మన పశ్చిమ నెల్లూరు సీమలో లేరు. ఉదయగిరి, వింజమూరు, దుత్తలూరు, సీతారామపురము, మఱ్ఱిపాడు, ఆత్మకూరు, అనంతసాగరము ఈ వైపున ఏ దారిని పోయినను పొలము గట్టు మీది వేపచెట్టుకో, ముండ్లకంచెకో ఈ తీగ అల్లుకొని కనబడును. "అందఱును ఎఱిగినదానిని గూర్చి ప్రసంగ మెందులకు?" అని మీరు అడుగవచ్చును. పేరు ఎఱుగుట ఒకటి, గుఱుతించుట ఒకటి, పెంచుట ఒకటి, మితముగా వాడుట ఒకటి. మొదటిది తెలిసియున్నంతమాత్రమున మిగిలిన మూడును తెలిసినట్లే యని తలంచుటచేత, మేలు చేయవలసిన మూలికయే కొందఱికి కీడు చేసినది. ఆ సంగతి ముందు చెప్పెదను.

నేను వైద్యుడను గాను. తెలుగు పండితుడనై బడిలో పాఠములు చెప్పి విశ్రాంతి పొందినవాడను. కనుక మందులు నిర్ణయించు పనికి పూనుకొనను. నాకు తెలిసిన త్రోవనే పోయెదను. ఆ త్రోవ పేర్ల అర్థము చెప్పుట. అమరకోశమున వనౌషధి వర్గమునందు తిప్పతీగకు తొమ్మిది పేర్లు చెప్పబడినవి. వైద్య నిఘంటువులు మఱికొన్ని చేర్చినవి. బాల్యమున వానిని అర్థము తెలియకయే వల్లెవేసితిమి. పెరటిలో తీగ నాటి, దాని ప్రక్కన నిలిచి ఆ పేర్లను తలచుకొన్నచో ఒక్కొక్క పేరు ఒక్కొక్క పాఠముగా తోచును. ఒక పేరు నాటు విధము చెప్పును, ఒకటి గుఱుతు చెప్పును, ఒకటి కాపుదల చెప్పును. అమృత యను పేరు మాత్రము పొగడ్త. పొగడ్తను పొగడ్తగా గ్రహింపవలెను గాని మోతాదుగా గ్రహింపరాదు. నా ప్రసంగసారము ఇంతయే. తక్కినది దీనికి వివరణము.

ముందుగా, గట్టు మీద దొరకుచుండగా ఇంట పెంచుట యెందుకో చెప్పవలెను. కారణములు మూడు.

మొదటిది, ఈ మూలిక పచ్చిగా నున్నప్పుడే వాడదగినది. శార్ఙ్గధర సంహితలో కొన్ని ఓషధులను ఎల్లప్పుడును పచ్చివిగానే గ్రహింపవలెనని విధించినారు. ఆ పట్టికలో అడ్డసరము, అశ్వగంధ, శతావరులతోపాటు గుడూచి, అనగా మన తిప్పతీగయు, ఉన్నది. అంగడిలో పొట్లములు కట్టి అమ్ము పొడి ఏ తీగదో, ఎన్నాళ్ళ క్రిందటిదో కొనువానికి తెలియదు. ఇంటి ముంగిట నున్న తీగకు ఆ సందేహము లేదు.

రెండవది, గట్టు మీది తీగ యిప్పుడు మునుపటివలె నిశ్చింతగా లేదు. 2020, 2021 సంవత్సరములలో కరోనా వ్యాధి వ్యాపించినప్పుడు ఎవరెవరో చెప్పిన మాటలు విని జనులు ఈ తీగకై ఎగబడిరి. జానెడు ముక్క చాలియుండగా మొదలంట లాగి మోపులు కట్టుకొనిపోవుట నేను చూచితిని. పైభాగము కోసిన తీగ మరల చిగిర్చును. వేరుతో పెఱికిన తీగ ఆ చోట మరల రాదు.

మూడవది, కొండకు పోయి తెచ్చుకొందమన్నను కుదరదు. శ్రీకృష్ణదేవరాయలు 1514లో సాధించిన ఉదయగిరి దుర్గపు కొండ, దానికి పడమట నున్న వెలికొండలు రక్షిత వనములు. అనుమతి లేక అందుండి చెట్టుచేమలు తెచ్చుట నేరము. అదియు గాక, మన సీమ ఆ కొండనుండి కట్టెలు, చెంచాలు గరిటెలు చేయు కొయ్య, నన్నారి వేళ్ళు, తేనె అన్నియు తెచ్చుకొన్నదే గాని తిరిగి యిచ్చినది తక్కువ. ఒక చిన్న ముక్కనుండి ఇంటిలోనే పెంచుకొనదగిన తీగకై కొండను పీడింప నవసరము లేదు.

ఇక గుఱుతు సంగతి. నాటుటకు ముందు నాటునది తిప్పతీగయే యని నిశ్చయము చేసికొనవలెను. దీని ఆకు తమలపాకువలె హృదయాకారము గలది. ఇరుప్రక్కలను నున్నగా నుండును. కాడ పొడవుగా నుండి, కాండమును అంటు చోట కొంచెము ఉబ్బి మెలితిరిగి యుండును. ముదురు కాండముపై బూడిద వన్నె గల పలుచని పొర యుండును. అది కాగితమువలె ఊడివచ్చును. దానిక్రింద గోటితో గీచినచో పచ్చదనము కనబడును. అన్నిటికంటె గట్టి గుఱుతు చక్రలక్షణిక యను పేరిలో నున్నది. బొటనవ్రేలి లావు గల కాండమును అడ్డముగా కోసి చూడుడు. నడుమనుండి అంచువఱకు ఆకులు దిగగొట్టిన బండిచక్రమువలె గీతలు కనబడును. బడిపిల్లవానికి ఒక్కసారి చూపిన చాలును, జన్మలో మఱవడు.

దీనిని పోలినవి కలవు. దూసరతీగ కంచెలమీద విరివిగా నుండును. దాని ఆకులు చిన్నవి, నూగు గలవి. నీటిలో పిసికి యుంచినచో ఆ నీరు గడ్డకట్టును. అది వేఱు మూలిక. తిప్పతీగ జాతిలోనే ఆకు క్రిందిభాగమున మెత్తని నూగు గల పెద్ద తీగ యొకటి యున్నది. తూర్పు దేశములలోను మన దేశపు ఈశాన్య భాగమునను పెరుగు మఱియొక జాతి కలదు. దాని కాండమంతయు కాకరకాయపై బుడిపెలవలె గుబురుగా బుడిపెలు గలది. తోటలు పెంచువారు, మొక్కలమ్మువారు దానిని కూడ తిప్పతీగ యనియే యిచ్చుట కలదు. మన తీగపై చిన్న చిన్న చుక్కలవంటి మచ్చలే గాని అంత బుడిపెలు లేవు. సందేహము కలిగినప్పుడు నాలుకపై వేసికొని చూడకుడు. చేదు గలదంతయు తిప్పతీగ కాదు. కంటితో చూచి, కోసి చూచి, తెలిసిన ఆయుర్వేద వైద్యునికి చూపి నిశ్చయింపుడు.

నాటు విధము ఛిన్నరుహ యను పేరిలో నున్నది. ఛిన్న మనగా తెగినది, రుహ మనగా మొలచునది. తెగినదై మొలచునది ఛిన్నరుహ. విత్తనము వేసి వేచియుండుట మన కక్కఱలేదు. విత్తనము మొలచుట ఆలస్యము, అనిశ్చితము. ముక్క నాటుటయే సులభోపాయము. కొమ్మపై వ్రేలాడు తీగ మధ్యలో తెగినను, పైభాగము దారములవంటి ఊడలను నేలకు దింపి తిరిగి బ్రదుకుట పల్లెలలో అందఱును చూచినదే. అటువంటి ప్రాణశక్తి గలదానికి మనము చేయవలసినది మిక్కిలి తక్కువ.

ఆరోగ్యముగా నున్న తీగనుండి చూపుడువ్రేలి లావు ముక్కలను కోయుడు. ఒక్కొక్కటి జానెడు పొడవుండి, రెండు మూడు కణుపులు గలదై యుండవలెను. మొదటి వైపును వాలుగాను, కొన వైపును సమముగాను కోసినచో తలక్రిందులుగా నాటు పొరపాటు రాదు. కోసిన దినముననే గాని మఱునాడు గాని నాటుట మేలు. ఎఱ్ఱమట్టి, ఇసుక, బాగుగా చివికిన పశువుల యెరువు సమభాగములుగా కలిపి, అడుగున రంధ్రము గల కుండలోనో సంచిలోనో నింపి, ఒక కణుపు మట్టిలోపలను ఒకటి పైనను ఉండునట్లు నాటి, నీడలో నుంచుడు. తడి ఆఱకుండ నీరు చల్లుడు. మట్టి బురదయై నిలువరాదు. నెల నెలన్నరలో వేరు తన్ని చిగురు వేయును.

కాలము విషయమున ఒక మాట. పుస్తకములలో ఆషాఢమున నేలను నాటవలెనని యుండును. అది నైరృతి ఋతుపవనము బాగుగా కురియు సీమలకు చెల్లును. మనకు పెద్దవానలు ఆశ్వయుజ కార్తిక మాసములలో, అనగా అక్టోబరు, నవంబరు నెలలలో వచ్చును. కావున మృగశిర, ఆర్ద్ర కార్తెలలో తొలకరి పడినప్పుడు ముక్కలను కుండలలో నాటి పెంచి, ఉత్తర, హస్త కార్తెలలో నేలకు మార్చినచో పెద్దవానలు వచ్చు నాటికి వేళ్ళు కుదురుకొనియుండును. ఆ తరువాత వచ్చు వేసవిని అది తట్టుకొనును. రోహిణి కార్తె యెండలో ఎన్నడును నాటకుడు.

నేల యెటువంటిదైనను ఫరవాలేదు, నీరు మాత్రము నిలువరాదు. ఉదయగిరి వైపు మెట్టలలో ఆ భయము లేదు. నీరు లేకపోవుటయే అక్కడి బాధ. తిప్పతీగ నీటి కొఱతను ఓర్చును గనుక బోరుబావులు ఎండిన ఊళ్ళలో సైతము ఇంటివాడుకనీరు రెండు చెంబులు పోసి బ్రదికించుకొనవచ్చును. పెన్న యొడ్డున ఆత్మకూరు, అనంతసాగరము వైపు, సోమశిల జలాశయపు నీరు పాఱు కయ్యల అంచున నున్న యిండ్లవారు మూర యెత్తు మట్టిదిబ్బ వేసి దానిమీద నాటవలెను. అట్లు చేయనిచో వేరు కుళ్ళును. సబ్బునీరు పాఱు చోటను, మరుగుదొడ్డి గుంతకు దగ్గఱను, పురుగుమందులు చల్లు పొలము ప్రక్కను నాటకుడు. తినదగినదానిని ఎట్టి నీటితో పెంచుదుమో మందుగా పుచ్చుకొనుదానిని అంతకంటె శుచియైన నీటితో పెంచుట ధర్మము.

తంత్రిక యనగా తంతివంటిది, దారమువంటి ఊడలు గలది. కుండలి యనగా చుట్టలు చుట్టుకొనునది. ఈ రెండు పేర్లును ఆధారము కావలెనని చెప్పుచున్నవి. పెరటిలో వేపచెట్టున్నచో వేఱొక పందిరి యెందులకు? వేపపై ప్రాకిన తీగ శ్రేష్ఠమని వైద్యుల సంప్రదాయము. చెట్టు మొదటికి రెండు మూరల దూరమున మూరెడు లోతు, మూరెడు వెడల్పు గుంత త్రవ్వి, ఎరువు కలిపిన మట్టితో నింపి, మొక్కను నాటి, ఒక కఱ్ఱను వాలుగా చెట్టుకు ఆనించి దారి చూపుడు. ఒక చెట్టుకు ఒక తీగ చాలును. చిన్నచెట్టు మీదికి ఎక్కించినచో అది దాని తలను కప్పి యెండను రానీయక క్రుంగదీయును. గన్నేరు, జిల్లేడు వంటి విషపు మొక్కలమీద ప్రాకనీయకుడు. కోయునప్పుడు వాని ఆకులు, కొమ్మలు కలిసిపోవు ప్రమాదము కలదు. చెట్టు లేనివారు గోడకు తీగలు కట్టియు, నాలుగు గుంజలు పాతి పందిరి వేసియు పెంచవచ్చును. పెరడే లేనివారికి పెద్ద తొట్టి యొకటి చాలును.

వత్సాదని యనగా దూడలు మేయునది. ఈ పేరు పెట్టినవాడు కవియో కాడో గాని, పశువుల కాపరియై యుండును. లేతతీగను దూడలును, మేకలును మిక్కిలి యిష్టముగా తినును. మన యూళ్ళలో మేకలు లేని వీధి లేదు. నాటిననాడే చుట్టును సర్కారుతుమ్మ కంపతో దడి కట్టుడు. తీగ తలయెత్తు పెరిగి, మొదలు ముదిరి బెరడు కట్టువఱకు ఆ దడి తీయకుడు.

మఱియొక సంగతి. వేసవిలో ఈ తీగ ఆకు రాల్చును. మోడై కనబడును. ఎండిపోయినదని పెఱికివేసినవారు అనేకులు కలరు. గోటితో పైపొర గీచి చూడుడు. లోన పచ్చగా నున్నచో అది ప్రాణముతోనే యున్నది. వారమున కొకసారి చెంబెడు నీరు పోయుచు తాళియుండుడు. వానచినుకు పడగనే మరల చిగిర్చును. ఆకులేని ఆ దినములలోనే పసుపుపచ్చని చిన్నపూవులు పూయును. మగపూవుల తీగ వేఱు, ఆడుపూవుల తీగ వేఱు. ఆడుతీగకు మాత్రమే బఠానీగింజలంత ఎఱ్ఱని పండ్లు వచ్చును. మీ తీగ కాయలేదని చింతింపకుడు. మందునకు గ్రహించునది కాండమే గనుక రెండును సమానమే.

బత్తాయి, నిమ్మ తోటలు గలవారు ఈ మాట శ్రద్ధగా వినవలెను. పండుబాఱు కాయలను రాత్రివేళ పొడిచి రసము పీల్చు రెక్కల పురుగు నెఱుగుదురుగదా. ముందు రెక్కలు ఎండుటాకు వన్నె, వెనుక రెక్కలు నారింజ వన్నె, వానిపై నల్లని మచ్చ. అది పొడిచిన చోట కాయ కుళ్ళి రాలిపోవును. ఆ పురుగు పిల్లదశలో, అనగా గొంగళిగా నున్నప్పుడు, తినునది బత్తాయి ఆకు కాదు. తిప్పతీగయు, దూసరతీగయు దాని ఆహారము. అందుచేతనే వ్యవసాయశాఖవారు తోటలలోను, తోటల గట్లమీదను ఈ రెండు తీగలను ఉండనీయవద్దని చెప్పుదురు. ఇది తీగపై నింద కాదు, దానికి తగిన చోటు కాదనుట మాత్రమే. వింజమూరు, ఉదయగిరి ప్రాంతములలో బత్తాయి రైతు ఈ తీగను తోటకు దూరముగా ఊరిలోని యింటి పెరటిలో పెంచవలెను. పెంచినను వారమున కొకసారి ఆకుల క్రింద చూచి, మచ్చలు గల నల్లని గొంగళిపురుగు కనబడినచో ఏఱివేయవలెను. మన పెరటి మూలిక పొరుగువాని పంటకు చేటు కారాదు.

కోత సంగతికి వత్తము. నాటిన రెండవ యేట కాండము బొటనవ్రేలి లావగును. అప్పటివఱకు కోయకుడు. ఆకులు పండి రాలనారంభించు చలికాలపు దినములలో కోయుట మంచిది. నేలనుండి రెండు మూరలు విడిచి, ఒక కణుపుకు పైగా, పదునైన కత్తితో కోయుడు. ఒకేసారి సగమునకు మించి తీయకుడు. కోసిన చోటినుండి రెండు మూడు కొత్త కొమ్మలు వచ్చును. ఇట్లు కోసికొన్నచో ఒక్క తీగ ఒక కుటుంబమునకు ఏండ్ల తరబడి చాలును.

పూర్వము మన యిండ్లలో తిప్పసత్తు తీసెడివారు. ముదురు కాండము పైపొర తీసి, కడిగి, దంచి, నాలుగింతల నీటిలో రాత్రియంతయు నానబెట్టి, ఉదయమున చేతితో బాగుగా పిసికి, పిప్పి తీసివేసి, గుడ్డతో వడకట్టి కదలక యుంచినచో అడుగున తెల్లని పిండి దిగును. పై నీటిని మెల్లగా వంచివేసి, పిండిని మరల కడిగి ఆఱబెట్టిన తిప్పసత్తు సిద్ధమగును. ఎంత తీగకు ఎంత కొంచెము సత్తు వచ్చునో ఒకసారి స్వయముగా తీసి చూచినవానికి, అంగడిలో చౌకగా దొరకు తెల్లని పొడిని గూర్చి సందేహము తప్పక పుట్టును. అందు వేఱు పిండిని కలుపుట మిక్కిలి సులభము.

ఇప్పుడు అమృత యను పేరు. భావమిశ్రుడు భావప్రకాశమున దీని పుట్టుకను గూర్చి కథ చెప్పినాడు. రావణవధ జరిగినపిమ్మట ఇంద్రుడు చచ్చిన వానరులపై అమృతము కురిపింపగా, వారి శరీరములనుండి జాఱిన బిందువులు పడిన చోటులందెల్ల ఈ తీగ మొలచెనట. చక్కని కథ. మూలికపై గౌరవము కలిగించు కథ. అయినను కథలో లేచినవారు అమృతముచేత లేచిరి గాని తీగచేత కాదు. బిందువునకును, కుండకును భేదము కలదు.

ఆ భేదమును మఱచుటవలన ఏమి జరిగినదో చెప్పెదను. 2020 సెప్టెంబరు మొదలు డిసెంబరు వఱకు ముంబయి నగరమున ఆఱుగురు రోగులు కామెర్లు మొదలగు కాలేయ బాధలతో వైద్యుల యొద్దకు వచ్చిరి. ఆ ఆఱుగురును కరోనా రాకుండుటకై తిప్పతీగ పుచ్చుకొన్నవారని విచారణలో తేలినది. వైద్యులు ఆ సంగతిని 2021లో ప్రకటించిరి. 2022లో దేశమున 13 వైద్యకేంద్రములనుండి అట్టి రోగులు 43 మంది వివరములు వెలువడినవి. కేంద్ర ఆయుష్ మంత్రిత్వశాఖవారు ఆ వాదమును అంగీకరింపలేదు. వారు పుచ్చుకొన్నది అసలు తిప్పతీగయేనా, దానిని పోలిన వేఱొక తీగయా యని ముందు తేల్చవలెనని, అసలు తిప్పతీగ యుక్తముగా వాడినచో క్షేమమైనదని చెప్పిరి. ఈ వాదమును తీర్చుటకు మనము చాలము. కాని మనవంటివారికి రెండు పక్షముల మాటలనుండియు ఒక్కొక్క బుద్ధి కలుగుచున్నది. ఒక పక్షము గుఱుతు తప్పరాదని చెప్పుచున్నది. మఱియొక పక్షము మితి తప్పరాదని చెప్పుచున్నది. రెండును పాటింపదగినవే.

మితి యనగా ఎంత? భారత ఆయుర్వేద ఔషధ సంహితలో తిప్పతీగ చూర్ణమునకు 3 మొదలు 6 గ్రాములనియు, కషాయమునకు 20 మొదలు 30 గ్రాముల కాండమనియు ప్రమాణ మేర్పఱచినారు. అదియును వైద్యుడు రోగిని చూచి, ఇన్ని దినములని చెప్పి యిచ్చునప్పటి ప్రమాణము. గుప్పెళ్ళకొలది తీగ మరిగించి గ్లాసులకొలది నెలల తరబడి త్రాగవలెనని ఏ శాస్త్రమును చెప్పలేదు. పైగా కొందఱు వైద్యుని అడుగక దీనిని ముట్టనే రాదు. కాలేయవ్యాధి గలవారు, కీళ్ళవాతము మొదలగు వ్యాధులలో శరీరము తనపై తానే తిరుగబడినదని వైద్యులచే చెప్పబడినవారు, మధుమేహమునకు మందులు వాడువారు, శస్త్రచికిత్సకు సిద్ధమగువారు, గర్భిణులు, బాలింతలు, పసిపిల్లలు ఈ వర్గములోనివారు. మధుమేహపు మందుతోపాటు ఇదియు చేరినచో రక్తములోని చక్కెర మితిమీఱి తగ్గవచ్చును. దీనిని పుచ్చుకొనుచుండగా కన్నులు పచ్చబడినను, మూత్రము ముదురుపసుపు వన్నెకు మాఱినను, ఆకలి చచ్చి వాంతులైనను తత్క్షణమే మాని ఆసుపత్రికి పోవలెను.

జ్వరమును గూర్చి విశేషముగా మనవి చేయవలసి యున్నది. మన పల్లెలలో జ్వరమనగానే "తిప్పతీగ కషాయము పోయుడు" అను మాట మొదట వచ్చునది పెద్దల నోటినుండియే. పూర్వము వేఱు దారి లేనప్పుడు అది ధైర్యము చెప్పిన మాట. నేడు డెంగ్యూ, మలేరియా, టైఫాయిడు జ్వరములను రక్తపరీక్షచేత తెలిసికొనవచ్చును. వానికి తగిన చికిత్స కలదు. నాడి చూచినను నాలుక చూచినను ఏది యేదో తెలియదు. ఉదయగిరిలోను, ఆత్మకూరులోను సర్కారు ఆసుపత్రులు కలవు. మండలములలో ప్రాథమిక ఆరోగ్యకేంద్రములు కలవు. జ్వరము మూడవ దినమునకు తగ్గకున్నచో పరీక్ష చేయింపక తప్పదు. రోగి పసిబిడ్డ యైనను, గర్భిణి యైనను, చిగుళ్ళనుండి గాని ముక్కునుండి గాని రక్తము కాఱినను, ఊపిరి ఆడకున్నను, మాట తడబడినను మూడవ దినమువఱకు ఆగరాదు. కషాయము కాగువఱకు కూడ ఆగరాదు. ఇంటి పెద్ద "ఇంకొక దినము చూతము" అన్నచో కోడలు గాని కొడుకు గాని ఎదురుచెప్పజాలరు. ఆ యొక్క దినము ఖరీదు ఒక్కొక్కప్పుడు ప్రాణమగును. కనుక ఆ మాట అనుటకు ముందు పెద్దలే ఆలోచింపవలెను. తాతయే "బండి కట్టుడు, ఆసుపత్రికి పదుడు" అన్నచో ఇంటిలో ఇంకెవ్వరును సంశయింపరు.

ఇంత జాగ్రత్త చెప్పిన తరువాత "మఱి పెంచుట యెందులకు?" అని శంక కలుగవచ్చును. కత్తి తెగునని తెలిసినవాడు వంటయింట కత్తి మానుకొనడు. దానిని పట్టు విధము నేర్చుకొనును, పిల్లలకు నేర్పును. తెలిసిన తీగ మన పెరటిలో నుండి, తెలిసిన వైద్యుడు కొంచెము పుచ్చుకొమ్మన్ననాడు పచ్చిది కోసికొనుటకంటె క్షేమకరమైన మార్గము లేదు. ఎవరో తెచ్చియిచ్చిన, పేరు తెలియని ముక్కను మరిగించి త్రాగుట ప్రమాదకరము.

కడపట పెద్దలకు మూడు విన్నపములు. మీ పొలము గట్టుమీద అడవితీగ యున్నచో, దగ్గఱలో బత్తాయి, నిమ్మ తోటలు లేకున్న పక్షమున, దానిని మొదలంట పెఱకనీయకుడు. కావలసినవానికి పైభాగమున జానెడు ముక్క కోసి యిండు. రెండవది, ముక్క యిచ్చునప్పుడు ఊరక యీయకుడు. ఆకు చూపి, ఊడ చూపి, అడ్డముగా కోసి చక్రము చూపి యిండు. వేఱొకరికి ఇచ్చునప్పుడు అట్లే చూపి యిమ్మని చెప్పుడు. మూడవది, మీ మనుమలచేత నాటింపుడు. వారికి అమరకోశము చెప్పువారు నేడు లేకపోవచ్చును. తెగినను మొలచునది ఛిన్నరుహ యని చేతితో నాటి తెలిసికొన్న పిల్లవానికి ఒక పేరైనను అర్థముతో వచ్చినట్లగును.

ఒక యింట ఒక తీగ, ఒక తీగనుండి పది ముక్కలు, పది ముక్కలనుండి పది యిండ్లు. తొలకరి పడిన వారములో పది కుండలు సిద్ధము చేసినవాడు హస్త కార్తెనాటికి తన వీధికంతకును తీగ పంచవచ్చును. దానికి ధనము అక్కఱలేదు. కుండెడు మట్టి, చెంబెడు నీరు, మేక రాకుండ రెండు కంపలు చాలును.